తలుపు మీది సింహం

సింహం నాలుక మరీ అంత పొడవుండాలా? నిచ్చెన మీద నిలబడి తలుపు పైన డాలు బిగిస్తూ ద్వారకానాథ్ ఆలోచిస్తున్నాడు. తమ వంశంలో మూడు తరాలవాళ్ళు సోడాలు అమ్మారు. సర్కసులో తప్ప సింహాన్ని చూసినవాళ్ళు లేరు. అయినా ఆన్‌లైన్‌లో ఇంటిపేరు కొట్టగానే కంపెనీవాడు ఎర్రటి డాలు, దాని మీద సింహం, కింద లాటిన్‌లో ఏదో నినాదం తయారుచేసి పంపేశాడు. అర్థం తెలియకపోతేనే నినాదం గంభీరంగా ఉంటుందని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

తాము వలసొచ్చి స్థిరపడిన ఎడ్మండ్‌సన్ పార్క్ పేటలో ఆ వీధి ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఎదురింటి తెల్లాయన హ్యూ వాళ్ళ గ్యారేజీ మీద మాత్రం ఓ చెక్క డాలు, దాని మీద వాళ్ళ వంశచిహ్నం. ఏడాదిగా ద్వారకానాథ్ పొద్దున్నే తలుపు తీసి మొదట చూసేది దాన్నే. చూసిన ప్రతిసారీ కుళ్ళుకునేవాడు. ఇల్లు కొన్నాడు, పౌరసత్వం తీసుకున్నాడు. ఆ డాలు ముందు మాత్రం ఇంకా అద్దెకున్నవాడిలాగే అనిపించేది.

"బాగుందండీ," కింద నిచ్చెన పట్టుకున్న భార్య శ్యామసుందరి అంది. "ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నా. ఇప్పటికి దిష్టిబొమ్మ తెచ్చారు."

"దిష్టిబొమ్మ కాదే! మన వంశచిహ్నం."

"మావయ్యగారికి తల మీద నాలుగు వెంట్రుకలు లేవు. ఈ జూలెక్కడిది?"

"డాడ్, ప్లీజ్, ఇట్స్ సో క్రింజ్," అని కూతురు స్నేహ సిగ్గుతో తల పట్టుకుని లోపలికి పోయింది. శ్యామసుందరి ఊరుకోలేదు. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చిన దారం అందించి సింహం గడ్డం కింద కట్టించింది.

అంతలో హ్యూ రోడ్డు దాటి రావడం కనిపించింది. ద్వారకానాథ్ గబగబా నిచ్చెన దిగాడు. అసలైన వంశంవాడు. ఒక్క చూపులో నకిలీ పట్టేస్తాడు.

"భలే ఉంది, మేట్," హ్యూ తల పైకెత్తాడు. "మీ తాతలదా?"

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కాదు," అన్నాడు ద్వారకానాథ్. "పోయిన వారం కొన్నాను."

హ్యూ పకపకా నవ్వాడు. "మాదీ అంతే! మా ముత్తాత ఓడ దిగినప్పుడు గొర్రెల కాపరి. కాస్త భూమి చేతికి రాగానే పెయింటర్‌ని పిలిచి డాలు గీయించుకున్నాడు. ఆ రోజుల్లో ఇక్కడ ప్రతివాడిదీ ఇదే పిచ్చి."

ఏడాది అసూయంతా ఓ గొర్రెల కాపరి మీదా! ద్వారకానాథ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ నిమ్మకాయ దేనికి?" హ్యూ అడిగాడు.

"ఎవరైనా అసూయగా చూస్తే ఆ చూపు తగిలి ఏదో ఒకటి పాడవుతుంది. తగలకుండా ఇది," శ్యామసుందరి చెప్పింది.

హ్యూ నవ్వు ఆపి గడ్డం గోక్కున్నాడు. "అలాగైతే నాకూ ఒకటి కావాలి. నూరేళ్ళు చెక్కుచెదరని డాలు ఈ ఏడాదే నిట్టనిలువునా బీటవారింది. ఎవడి కన్నో మరి!"

శ్యామసుందరి మెల్లగా మొగుడి వైపు తిరిగింది. ద్వారకానాథ్ ఇంకో నిమ్మకాయ గుచ్చి, నిచ్చెన భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. ముడి వేస్తున్నంతసేపూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.