నాలుగో గొంతు

"ఈ పాట వదిలేద్దాం టీచర్," అంటూ జోయల్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. "మూడు గొంతులతో ఎన్నాళ్లు లాగుతాం?"

చర్చి పాటల బృందాన్ని నడిపే ప్రసన్నకుమారి తన ముందున్న మూడు పుస్తకాలనూ సర్దింది. ఉదయగిరి చర్చిలో పాత బీరువా ఖాళీ చేస్తుంటే ఆమెకు దొరికిన చేతిరాత పుస్తకాలవి. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఎవరో కట్టిన ప్రార్థన గీతాన్ని, మిషన్ రోజుల్లో ఒక దొరసాని తెలుగు మాటలు చేర్చి రాసిపెట్టింది. ఫొటోలు పంపితే, స్వరకర్త పేరు తాను ఎన్నడూ వినలేదనీ, ఈ పాట ఇంకెక్కడా లేదనీ చెన్నై సంగీతం ప్రొఫెసరు చెప్పాడు. నాలుగు గొంతులకు నాలుగు పుస్తకాలుండాలి. ఆడవాళ్ల కింది స్థాయి గొంతుకు రాసిన ఆల్టో పుస్తకం పోయింది. ఆత్మకూరు క్రైస్తవ సభలో పాడిస్తానని ఆమె మాటిచ్చేసింది. సభ ఇంకో పది రోజుల్లో.

వెనక బెంచీల మధ్య ఊడుస్తున్న ఓబమ్మ తలెత్తింది. నెల రోజులుగా ప్రాక్టీసు ముగిసేదాకా ఆమె ఊడ్పు ముగియడం లేదు.

"ఆ పోయిందేందో నాకొచ్చు టీచరమ్మా."

"నీకెట్లా వచ్చు పెద్దమ్మా?" జోయల్ నవ్వాడు.

"మా అవ్వ దొరసాని దగ్గర పని చేసినాది. మా అవ్వ పాడతా ఉంటే నేర్చుకున్నా."

"పాడు," అంది ప్రసన్నకుమారి.

ఓబమ్మ చీపురు గోడకానించి పాడింది. జోయల్ మిగతా మూడు గొంతులూ కీబోర్డు మీద కలిపాడు. రెండు చరణాలయ్యేసరికి అతని నవ్వు పోయింది.

"ఎక్కడా అపస్వరం లేదు టీచర్."

ఆ వారమంతా ఓబమ్మ పాడింది, జోయల్ రాసుకున్నాడు, బృందంలోని కృపారాణి నేర్చుకుంది. మూడో రోజు ఓబమ్మ ఒకచోట మార్చి పాడింది.

"నిన్న ఇట్లా లేదే," అన్నాడు జోయల్.

"నిన్న తప్పినాను. మిగతా గొంతులతో ఇదే కుదురుతాది, రాసుకో."

ఆత్మకూరులో పాట ముగిశాక చెన్నై నుంచి వచ్చిన ప్రొఫెసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పాటంతా ఆ ఆల్టో మీదే నిలబడింది. అచ్చు వేయిద్దాం," అన్నాడు.

తిరుగు బస్సులో ప్రసన్నకుమారి ఓబమ్మ పక్కన కూర్చుని కాగితం తీసింది.

"మీ అవ్వ పేరు చెప్పు ఓబమ్మా. పుస్తకంలో వేస్తారంట."

ఓబమ్మ ఆ కాగితాన్ని పక్కకు నెట్టింది.

"దేవుడి పుస్తకంలో అబద్ధం వద్దులే టీచరమ్మా."

"అబద్ధమేంది?"

"మా అవ్వ పుట్టుమూగది."