పేడనీళ్ల కుండ

ఇటుకల పండగ వేట డప్పు వినగానే మా ముసలి కుక్క కర్రోడు ముందుకాళ్ల మీద లేచాడు. వెనక కాళ్లు రాలేదు. కూలబడి మూలిగాడు.

ఆరు నెలలుగా వాడి కీళ్లకి వేడి ఇప్పనూనె రాస్తున్నాను. ముసలి కీళ్లకి ఇంతకన్నా మందు లేదన్నాడు పశువుల డాక్టరు. నూనె రాస్తుంటే నొప్పికి నా చెయ్యి కొరుకుతాడు, మళ్లీ అదే చెయ్యి నాకుతాడు.

"ఇంకెన్నాళ్లే ఆణ్ణిలా సూడడం?" అన్నాడు మా ఆయన ఫల్గుణ. విల్లు తగిలించుకుని, కర్రోణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాడు. "ఒక్కసారి కొండెక్కిత్తాను. ఏటకెళ్లడమంటే ఆడికి పేణం కదా."

నాకెంత సంబరమో! ఇంత చోడి అంబలి తాగించి మరీ పంపాను.

సాయంత్రం ఆడోళ్లమంతా పేడనీళ్ల కుండలతో ఊరి మొదట్లో నిలబడ్డాం. వేట దొరక్కుండా తిరిగొచ్చిన మగాడి మీద కుమ్మరించడం మా ఆచారం.

అందరికంటే ఆఖర్న ఫల్గుణ వచ్చాడు. చేతులు ఖాళీ. భుజాలూ ఖాళీ.

"పొయ్యవే, పొయ్యి!" అని నవ్వుతూ ఆడోళ్లు నన్ను ముందుకి తోశారు.

"కర్రోడేడి?" అనడిగాను.

పొద్దున్న మూడు బాణాలు పట్టుకెళ్లిన మనిషి దగ్గర ఇప్పుడు రెండే ఉన్నాయి.

నా ముందు మోకాళ్ల మీద కూలబడి తల వంచాడు. "పొయ్యే. కుండెడూ పోసెయ్యి."

కుండ కిందకి దించేశాను.

"ఎందుకు పొయ్యాలి మావా? నువ్వు ఏట సేసే వొచ్చినావు కదా."