విరిగిన కణుపులు

ఎద్దు తోకను చేతిలోకి తీసుకొని ముసలాయన ఏడ్చాడు.

పెద్దులుకు చిరాకేసింది.

"ఏందే తాతా! మా కాబోయే అల్లుని ఎద్దుకు కాడి పుండయింది, జర మందు పెట్టుమంటే, తోక పట్టుకొని ఏడుస్తవేంది?"

ముసలాయన పరదేశి. ఆ పొద్దునే ఊళ్ళోకి వచ్చి కల్వకుర్తి బాట పక్కన బావి దగ్గర కూర్చున్నాడు. గొడ్ల పుండ్లకు ఆకుపసరు పెడతాడు. ఇంత గటక పెడితే తింటాడు, లేకుంటే లేదు.

ఎద్దు పెద్దులుది కాదు. అంత భాగ్యం ఆ ఇంటికి ఎప్పుడూ లేదు. పిల్లను చూడవచ్చిన ఐలేశంది. ఐలేశానికి సొంత బండి ఉంది, జత ఎడ్లున్నాయి, అంగడికి కిరాయిలు తోలుతాడు. తల్లీ తండ్రీ లేరట, అత్తపోరు కూడా ఉండదు. బండి ఉన్నవాడి పెళ్ళాన్ని దొర గడీకి వెట్టికి పిలవరని పెద్దులు నమ్మకం. బిడ్డ మారెమ్మను గడీ పనికి పంపమని దొర మనిషి అప్పటికే రెండుసార్లు వచ్చి చెప్పిపోయాడు.

అందుకే, ఐలేశం ఇంట్లో కోడికూర తింటూ ఉంటే, మర్యాదకు పెద్దులే ఎద్దును తోలుకొచ్చాడు.

చెయ్యెత్తితే చాలు బెదిరిపోయే ఆ ఎద్దు, ముసలాయన ముందు మాత్రం తల వాల్చి నిలబడింది.

"జర గిట్ల చెయ్యి పెట్టి చూడు బిడ్డా. తోకల ఎన్ని కణుపులు ఇరిగినయో."

పెద్దులు తడిమాడు. ఎగుడుదిగుడుగా తగిలింది.

"నడవకుంటె తోక మెలిపెడతరు. గదేమన్న కొత్తనా?"

"బండి నడిపెటోడు ఒక్క మెలి పెడతడు. వీడు ఒక్కో కణుపు వరుసగ ఇరిచిండు. కోపంల చేసింది గాదు. నిమ్మలంగ కూసోని చేసిండు."

ముసలాయన గొంతు తగ్గించాడు.

"గా చెయ్యి గొడ్డు కాడనే ఆగదు. వీనికి పిల్లనియ్యకు."

"చెప్పనీకి నువ్వెవనివి?"

ముసలాయన ఎడమచేతి వంకర వేళ్ళను పంచెలో దాచుకున్నాడు.

ఓర్వలేనివాళ్ళు ఎవరో సంబంధం చెడగొట్టడానికి పంపారని పెద్దులుకు తోచింది. ఇంటికొచ్చి నవ్వులాటగా చెప్పేశాడు.

"అల్లుడా! బాయికాడ వంకర వేళ్ళ ముసలోడొకడు నీ మీద చాడీలు చెప్తాండు!"

ఐలేశం నవ్వలేదు. ముద్ద వదిలేసి బయటికి పోయాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, చేతులు కడుక్కొని, మళ్ళీ విస్తరి ముందు కూర్చున్నాడు.

"ఎవడో పిచ్చోడు మామా. ఎళ్ళగొట్టిన," అని ఇంకో ముక్క వేయమన్నాడు.

సాయంత్రానికి సంబంధం ఖాయమైంది. ముసలాయన మళ్ళీ ఆ బాటమీద ఎవరికీ కనిపించలేదు. పెద్దులు వెతకనూ లేదు.

పెళ్ళయిన తొమ్మిది నెలలకు కబురొచ్చింది. పెద్దులు అల్లుని ఊరికి పరుగెత్తాడు.

"బాయిల జారిపడ్డది మామా," అన్నాడు ఐలేశం. కళ్ళల్లో తడి లేదు.

వాకిట్లో చాపమీద మారెమ్మ శవాన్ని పడుకోబెట్టారు. పెద్దులు పక్కన కూలబడి, బిడ్డ చెయ్యి తీసుకొని నిమిరాడు.

వేళ్ళు ఎగుడుదిగుడుగా తగిలాయి. చిటికెన వేలు. దాని పక్కది. దాని పక్కది.

బావిలో పడితే వేళ్ళు అట్లా విరగవు. వెట్టి తప్పిస్తున్నాననుకొని బిడ్డను ఎక్కడికి పంపాడో పెద్దులుకు అప్పుడు తెలిసింది.

పక్కింటి నర్సింగమ్మ, ఐలేశం అటు పోయింది చూసి, దగ్గరికొచ్చింది.

"పిల్లనిచ్చెటప్పుడు మీకెవ్వరు చెప్పలేదా అన్నా?"

"చెప్పిండమ్మా. ఒక పరదేశి ముసలాయన చెప్పిండు. నేనే ఇనలే."

"ఎడమచేతి వేళ్ళు వంకర ఉంటయి, ఆయనేనా?"

పెద్దులు తలూపాడు.

నర్సింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పరదేశి గాదన్నా, వీని కన్నతండ్రి. ఇంకో ఇంటి బిడ్డ ఈ వాకిట్ల అడుగుపెట్టొద్దని మీ ఊరికి ఎల్లినోడు, ఇయ్యాల్టిదాంక ఇల్లు చేరలే."