పుయా మీద కట్టిన పాట

“హయాబె అన్నా! ఇలా రా!”

రెండిళ్ళ మడుల మధ్య తవ్విన కందకం అవతల పుయా నిలబడి ఉన్నాడు. మొహానికి పోరుకు పోయేటప్పుడు పూసుకునే పసుపు మట్టి లేదు, వెంట మనుషులూ లేరు. కానీ భుజం మీద గొడ్డలి ఉంది. దాన్ని చూడగానే హయాబె ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నోరు అదుపులో పెట్టుకోమంటే విన్నావా?” చిలగడదుంపల సంచి దించుతూ వాండిమె మొగుణ్ణి దులిపేసింది. “వాడి పంది మన మడి తవ్వేస్తే పోయి నిలదీయాలి. గట్టెక్కి కొండంతా వినేలా వాడి మీద పాట కడతావా?”

కట్టింది నిజమే. గొంతుతో ఒక మాట, వెదురు పిల్లనగ్రోవిలో ఒక ఊదు, మళ్ళీ మాట. నిన్న మసక చీకటి దాకా అలా పుయాని ఉతికి ఆరేశాడు. పంది పొట్టవాడన్నాడు. పందికి కందకం దాటడం నేర్పిన గురువు వీడేనన్నాడు. ఇప్పుడు ఒక్క దెబ్బ పడితే చాలు, రెండు వైపులా చుట్టాలు విల్లంబులు తీస్తారు. పాట పాడినంత తేలిక కాదు ఆ పోరుని ఆపడం.

హయాబె కందకం దగ్గరికి నడిచాడు. “తమ్ముడూ, కోపంలో ఏదో...”

“కోపమేంటన్నా! నిన్న కాయలకని పై అడవికి పోయానా, పొగమంచు కమ్మేసింది. నా చెయ్యి నాకే కనపళ్ళేదు. కాలు జారి లోయ అంచున ఆగాను. రాత్రికి చలికి బిగుసుకు చస్తాననుకున్నా. అప్పుడు వినపడింది నీ పిల్లనగ్రోవి. దాన్ని పట్టుకునే ఇల్లు చేరా. నా ప్రాణం నీదన్నా!”

పుయా కందకానికి అడ్డంగా వేసిన దుంగ మీదుగా ఇవతలికి వచ్చాడు. మాంసం కొట్టిన గొడ్డలి కింద పెట్టి, సంచిలోంచి వేడి ఆకు పొట్లం తీసి రెండు చేతులా ఇచ్చాడు.

హయాబె సిగ్గుతో తల వంచుకున్నాడు. “మరి... ఊదు ఒక్కటే వినపడిందా?”

“ఊదే. ఆ మంచులో మాటలెక్కడివి?”

హమ్మయ్య అనుకున్నాడు హయాబె. తిట్టిన నోటికి మాంసం పెట్టిన మనిషిని చూస్తే కళ్ళు చెమర్చాయి. రెండు ఇళ్ళ మధ్య నిప్పు రాజుకోనందుకు లోలోపల దణ్ణం పెట్టుకున్నాడు.

“ఏ పందిని కోశావయ్యా?” అడిగింది వాండిమె పొట్లం విప్పుతూ.

“మీ మడి తవ్విందాన్నే వదినా. ఇక రాదులే.”

ముగ్గురూ నవ్వుకుంటూ తిన్నారు. పుయా మళ్ళీ దుంగ మీదుగా కందకం దాటి, వెనక్కి తిరిగాడు.

“అన్నట్టు అన్నా, రేపు మళ్ళీ అడవికి పోతున్నా, సాయంత్రం పాడు. ఏది మార్చినా ఆ పంది పొట్ట చరణం మాత్రం తీసెయ్యకు, నాకు దారి దొరికింది అక్కడే!”