తలకిందులుగా ఇచ్చిన మాట

“నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా నా కూతుర్ని నీకివ్వను,” అని కుండబద్దలు కొట్టేశాడు ఊయల మాస్టారు.

సర్కస్ గుడారం వెనక, ఆరేసిన చెమ్కీ బట్టల మధ్య నిలబడ్డాడు డ్రమ్ములవాడు. మాస్టారి కూతురు ఒక ఊయల వదిలి గాల్లోకి దూకే ప్రతిసారీ కింద కూర్చుని డ్రమ్ము మోగించేది అతనే. అవతలి ఊయలకి వేలాడుతున్న తండ్రి చేతులు ఆమెను అందుకునేదాకా అతనికి ఊపిరాడేది కాదు. రోజూ ఇలా ఊపిరి బిగబట్టి ఎన్నాళ్లు బతుకుతానని, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని ఈ పొద్దున్న వచ్చి పిల్లనడిగాడు.

“నాలో ఏం లోపముంది మాస్టారూ?”

“నేలమీద కూర్చుని పనిచేస్తావు. అదే లోపం. మధ్యాహ్నం భోజనాలవగానే కత్తులవాడి నాన్నకి మాటిచ్చేస్తున్నా. ఇక దయచెయ్!”

కత్తులవాడంటే, చెక్కపలక ముందు మనిషిని నిలబెట్టి చుట్టూ కత్తులు విసిరే ఘనుడు. మనిషి మంచివాడే. కాకపోతే పెళ్లయ్యాక, పొద్దున్న భార్యతో పోట్లాడి సాయంత్రం అదే భార్యను పలక ముందు నిలబెట్టడం ఎంతవరకు క్షేమమో ఎవరూ చెప్పలేరు.

డ్రమ్ములవాడు మొహం వేలాడేసుకుని వెళ్లి చెబితే, అమ్మాయి తల పట్టుకుంది.

“నిలబడి ఉన్నప్పుడు అడిగావా? బుద్ధుందా నీకు?”

“మరెప్పుడడగాలి?”

“తలకిందులుగా ఉన్నప్పుడు! నిలబడ్డ మా నాన్నని మంచినీళ్లడిగినా కుదరదనే అంటాడు. తలకిందులైతే రక్తమంతా మెదడులోకి దిగి బుర్ర పాదరసంలా పనిచేస్తుందట. ఆయనే చెబుతాడు. అమ్మకి కుట్టుమిషను కొన్నది అలాగే. మా పిన్నిని రెండు నెలలు మా బండిలో ఉండనిచ్చిందీ అలాగే. ఆఖరికి, ప్రాణంలా పెంచుకున్న ఆ బుర్రమీసాలు తీసేసిందీ అలాగే. వెళ్లు, ఇప్పుడే ఎక్కి ఉంటాడు!”

మాస్టారు రోజూ పొద్దున్న నడుము సాగడానికి కాసేపు వేలాడతాడు. చీలమండలకి తోలుపట్టీలు బిగించి, వాటికి దూలం మీంచి వచ్చే తాడు తగిలించుకుని ఆయన పడుకుంటే, భార్య చక్రం తిప్పుతుంది. తాడు చుట్టుకుంటున్నకొద్దీ ఆయన కాళ్లు పైకి, తల కిందికి అయిపోతాయి.

డ్రమ్ములవాడు గుడారంలోకి పరిగెత్తేసరికి మాస్టారు అప్పటికే దూలానికి గబ్బిలంలా వేలాడుతున్నాడు. భార్య చక్రం పక్కన స్టూలు మీద కూర్చుని కూతురి బట్టలకి చెమ్కీలు కుడుతోంది. మొహం మొహం కలిస్తే మర్యాదగా ఉంటుందని డ్రమ్ములవాడు వెనక్కి తిరిగి నడుము వంచి, తన కాళ్ల సందులోంచి తొంగి చూశాడు.

“మాస్టారూ, మళ్లీ నేనే. మీ అమ్మాయిని...”

“కుదరదు!”

“ఒక్కసారి ఆలోచించండి.”

“కుదరదన్నానా!”

రక్తం ఇంకా మెదడుకి చేరినట్టు లేదని డ్రమ్ములవాడు ఓపిక పట్టాడు. చూస్తుండగానే మాస్టారి మొహం టమాటా రంగుకి వచ్చింది. గుడారంలో సూది బట్టలో దిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నుదుటి మీద నరాలు లేచాయి. టమాటా కాస్తా వంకాయ అయింది. ఒక మహా మేధస్సు కళ్లముందే మేలుకోవడం చూసి డ్రమ్ములవాడికి ఒళ్లు గగుర్పొడిచింది.

“సరే!” అని అరిచాడు మాస్టారు. “ఇస్తాను! నీకే ఇస్తాను! కత్తులూ లేవు, గిత్తులూ లేవు!”

భార్య పళ్లతో దారం కొరికి, తీరిగ్గా లేచి ఆయన్ను దించింది. “మంచిమాట అన్నారండీ,” అంది.

డ్రమ్ములవాడి కాళ్లు నేలమీద ఆనలేదు. గుర్రాలశాల దగ్గర కనబడిన సర్కసు డాక్టరు దగ్గర కూడా ఆగి, తలకిందుల మహిమతో సహా ఈ సంతోషం పంచాడు. డాక్టరు పగలబడి నవ్వాడు.

“తల కిందికి పెడితే మొహం ఉబ్బుతుంది, కళ్లు ఎర్రబడతాయి. అంతేనోయ్. మెదడు తనకి కావలసినంత రక్తమే తీసుకుంటుంది. నిలబడ్డా, వేలాడినా దాని నాళాలు అందుకు తగ్గట్టు సర్దుకుంటాయి. సరఫరా బాగా తగ్గితే కళ్లు తిరిగి పడిపోతాం గానీ, తలకిందులైనంత మాత్రాన తెలివి పెరగదు. పెరిగేదే అయితే ఈ సర్కసు గబ్బిలాలు నడిపేవి, మనం టిక్కెట్లు చింపేవాళ్లం!”

డ్రమ్ములవాడి గుండె జారింది. తెలివి పెరగకపోతే మాస్టారు ఎందుకు ఒప్పుకున్నట్టు? నిలబడగానే మాట మార్చేస్తే? మధ్యాహ్నం ఎంతో దూరంలో లేదు. ఒక్క పరుగున వెళ్లేసరికి మాస్టారు రెండు కాళ్లమీదా నిలబడి మొహం కడుక్కుంటున్నాడు.

“మాస్టారూ, నిలబడి కూడా అదే మాట చెప్పండి. మీకు దణ్ణం పెడతా!”

“నిలబడి అడిగితే ఇప్పుడైనా కుదరదనే అంటాను. కానీ ఇచ్చిన మాట తప్పను. పిల్ల నీదే, పో.”

“మెదడుకి రక్తం ఎక్కువ పోదని డాక్టరు చెప్పాడండీ!”

“ఆ సంగతి నాకూ తెలుసు.”

“మరి తలకిందులైతేనే ఎందుకు ఒప్పుకుంటారు?”

మాస్టారు అటూ ఇటూ చూసి, తువ్వాలు అడ్డం పెట్టుకుని, అతని చెవి దగ్గరికి వంగాడు.

“మీ అత్తగారు ‘సరే’ అనేదాకా కిందికి దించదు అల్లుడూ!”