ఎండు నెత్తళ్ళ డబ్బా

ఆ రోజుల్లో ఇంటింటా తోడుపిల్లి ఉండేది. ఇంట్లో అందరికంటే ఒంటరిగా ఉన్నదెవరో పసిగట్టి, వాళ్ళనే అంటిపెట్టుకునేలా పుట్టించిన జాతి అది. చుట్టాలు గుమ్మం దాటగానే ముందు పిల్లి ఎవరి దగ్గరుందో చూసేవారు.

రత్నమాల ఇంట్లో ఆరుగురు మనుషులు, రెండు కుక్కలు, ఒక చిలక. పిల్లి మాత్రం వచ్చిన రోజు నుంచీ వంటింట్లో ఆమె పాదాల మీదే పడుకునేది. ఎవరూ అడగకముందే ఆమె పొయ్యి పక్కన ఎండు నెత్తళ్ళ చేపల డబ్బా పెట్టుకుంది.

"తిండి కోసం చేరింది, దొంగమొహంది!" అని నవ్వేది. అందరూ నమ్మారు.

ఒక ఆదివారం ఆడపడుచు కుటుంబం భోజనానికి వచ్చింది. రత్నమాల భర్త వీర్రాజుకి సరదా పుట్టింది.

"ఇయ్యాల నా దగ్గరికి ఎలా రాదో చూత్తాను!"

డబ్బా పట్టుకెళ్ళి, హాల్లో తన కుర్చీ కింద మూత తీసి పెట్టాడు. కుక్కలు రెండూ ఎగబడ్డాయి. పిల్లి తల కూడా తిప్పలేదు. రత్నమాల పాదాల మీద ఇంకాస్త ముడుచుకుంది.

హాల్లో అందరూ వంటింటి వైపే చూస్తున్నారు.

"వదినా..." అంది ఆడపడుచు మెల్లగా.

రత్నమాల మిక్సీ వేసింది. పచ్చడి ఎప్పుడో మెదిగిపోయింది. అయినా ఆపలేదు.