నిలబడి చూడు

"అల పదిహేనడుగులుంది అక్కా! కొండలా వస్తోంది!" వైర్‌లెస్ సెట్లోంచి నర్సు గొంతు కీచుమంది.

"కూర్చున్నావా, నిలబడ్డావా?" అడిగింది రేవు గదిలోని ఆపరేటర్.

"కూర్చున్నా."

"కూర్చుని చూస్తే కుక్కపిల్ల కూడా ఏనుగంత ఉంటుంది. లే."

పక్కనే ఉన్న, రేవులో కొత్తగా చేరిన గుమాస్తాకి ఒళ్ళు మండింది. అవతల ఒక ఆడపిల్ల ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వణికిపోతుంటే ఈవిడకి హాస్యాలా? పైగా ఆ స్పీడ్ బోటు అడుగున తల పగిలి పడున్న సరంగు ఈవిడ మొగుడే.

వారంవారం దీవిలో రోగుల్ని చూసి వచ్చే నర్సుని బోటు నడిపే ఆ సరంగే తీసుకెళ్ళి తీసుకొస్తాడు. ఇవాళ తిరిగొస్తుంటే గాలి తిరిగింది. బోటు ఒక అల మీంచి ఎగిరి దబ్బున పడింది, ఆయన తల ఇనుప కడ్డీకి కొట్టుకుంది. నర్సు కట్టు కట్టింది కానీ ఆయనకి స్పృహ రాలేదు. ఇక చుక్కాని పట్టడానికి మిగిలింది ఆమె ఒక్కతే.

"పక్క రేవు నుంచి పెద్ద బోటుని పంపించారు మేడం. గంటన్నర పడుతుందట," అన్నాడు గుమాస్తా.

"అమ్మాయ్, ఆయన గంటన్నర ఆగగలడా?"

"కష్టమక్కా. నెత్తురు ఆగడం లేదు. నాడి కూడా తగ్గుతోంది."

ఆపరేటర్ ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది. భయం గుండెల్లో ఉందేమో గానీ గొంతులోకి మాత్రం రానివ్వలేదు.

"అయితే నువ్వే తేవాలి. బోటు ముక్కు అలల వైపే ఉందా?"

"ఉంది."

"అలాగే పట్టు. పక్కకి తిరగనిచ్చావంటే బోర్లా పడతారు. రెండలల మధ్య పల్లంలో బోటు సమంగా ఉన్నప్పుడు నిలబడి చూడు. ముక్కు పైకి లేచినప్పుడు చూడకు, అప్పుడు కనబడేదంతా అబద్ధం. వచ్చే అల కొస ఎక్కడిదాకా ఉంది?"

నర్సు లేచి చూసి చెప్పింది. "సరిగ్గా నా కళ్ళకి సూటిగా. దాని మీదుగా సముద్రం అంచు కనబడీ కనబడకుండా ఉంది."

"నీ ఎత్తెంత?"

"ఐదడుగుల రెండంగుళాలు."

"బోటు అడుగు నీటి మట్టానికి అటూఇటూగా ఉంటుంది. నీ కళ్ళెంత ఎత్తునున్నాయో అల కూడా అంతే. అంటే ఐదడుగుల్లోపే." ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "ఆరు దాటితే అక్కడే ఆగమనేదాన్ని. రేవు ముఖద్వారంలో అల వెనకనుంచి కొట్టి తిరగేస్తుంది. ఐదైతే రావచ్చు."

"ఖాయంగా చెప్పగలరా మేడం?"

"ఖాయం కాకపోతే నా మొగుణ్ణి పణంగా పెడతానా?"

ఆమె మళ్ళీ మైకు అందుకుంది.

"ఇప్పుడు విను అమ్మాయ్. ఒక అల కొస దాటగానే చుక్కాని పూర్తిగా తిప్పెయ్. ఆ పల్లంలోనే వెనక్కి తిరిగిపోవాలి, సందేహించకూడదు."

"తిరగకపోతే?"

"తిరుగుతుంది. తిప్పు."

సెట్లో ఇంజన్ రొద, ఒక కేక, మళ్ళీ ఇంజన్ రొద. "తిరిగాను అక్కా! తిరిగాను!"

"మంచిది. ఇక అలలు వెనకనుంచి వస్తాయి. ముందు పోతున్న అల వీపు మీదే ఉండు. దాన్ని దాటితే ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. మరీ వెనకబడితే రెండోది మీదికెక్కుతుంది."

"సరంగుగారూ అచ్చం ఇలాగే అంటారక్కా."

"ఇరవై రెండేళ్ళ కాపురం. ఎవరి మాటలు ఎవరివో ఎప్పుడో కలిసిపోయాయి. ఇంక నాకు జవాబు చెప్పకు, రెండు చేతులూ పనిలో ఉంచు."

ఇరవై నిమిషాలు ఆమె ఒక్కతే మాట్లాడింది. వేగం పెంచమంది, తగ్గించమంది, చుక్కాని బిగపట్టవద్దంది. రేవంతా ఈవిణ్ణి కెప్టెనమ్మ అని ఎందుకు పిలుస్తుందో గుమాస్తాకి అప్పుడర్థమైంది. ఇందాక విసుక్కున్నందుకు సిగ్గేసి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె చూడను కూడా లేదు.

కిటికీలో తెల్లటి చుక్క కనబడింది. ఆమె మైకు వైరు సాగినంత మేరా కిటికీ దగ్గరికి జరిగింది.

"కనబడ్డావు. ఈ అల వెనకే రా. ఇదే. ఇంకొంచెం వేగం... చాలు. ఆయన వైపు చూడకు, రేవు గోడ వైపు చూడకు, అల వీపు చూడు. అదీ! ఇంట్లోకొచ్చేశావ్."

బోటు గోడ దాటి లోపలి నీళ్ళలోకి జారింది. ఆపరేటర్ కుర్చీలో కూలబడి భోరుమంది. అంతలోనే అరచేత్తో ముఖం తుడుచుకుని బోట్లు కట్టే ధక్కా మీదికి పరుగెత్తింది.

కూలీలు ఇద్దరు సరంగుని స్ట్రెచర్ మీద పైకి చేర్చారు. ఆమె ధక్కా అంచునే నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చేతి వెచ్చదనానికి ఆయన కళ్ళు తెరిచాడు.

"బోటు... ఎవరు తెచ్చారు?"

"నేనే," అంది నర్సు. "అక్క చెప్పింది, నేను చేశాను. అలెత్తు దగ్గర్నుంచి అన్నీ అక్కే!"

సరంగు పెళ్ళాం ముఖంలోకి చూశాడు. నీరసంగా నవ్వు మొదలెట్టాడు. ఆపుకుందామన్నా ఆగలేదు, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"కట్టు ఊడుతుంది, నవ్వకండి!" హడలిపోయింది నర్సు. "ఏంటక్కా, ఎందుకిలా నవ్వుతున్నారు?"

ఆపరేటర్ ముఖం పక్కకి తిప్పుకుంది.

ఆమె ఇంతవరకు పడవెక్కిన పాపాన పోలేదు.